వినపడని దాన్ని తీసేస్తే మిగిలే పాట



అయిదు నిమిషాల సినిమా పాట ఒకటి తీసుకుందాం. సీడీ మీద అది సుమారు 53 మెగాబైట్ల చోటు పడుతుంది. అదే పాట మన సెల్‌ఫోన్‌లో ఎంపీ3 రూపంలో 5 మెగాబైట్ల లోపే సర్దుకుంటుంది. పాట నిడివి తగ్గలేదు. పల్లవి, చరణాలు, మధ్యలో వయొలిన్లు అన్నీ ఉన్నాయి. శ్రుతి మారలేదు, తాళం తప్పలేదు. కానీ పదకొండు వంతుల సమాచారంలో పది వంతులు తీసి పారేశారు. ఆ పారేసింది ఏమిటో విని చెప్పమంటే చాలామంది చెప్పలేరు. ఇదెలా సాధ్యమైంది, దీనివల్ల పాట వినేవాళ్లకు ఒరిగిందేమిటి అన్నది ఈ పూట మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

ముందు శబ్దం అంకెలుగా ఎలా మారుతుందో చూద్దాం. మైకు ముందు ఒకరు పాడితే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు వస్తాయి. మైకు వాటిని విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఆ తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, కొలిచిన ప్రతిసారీ వచ్చిన విలువను అంకెగా రాసిపెట్టుకుంటే అదే సీడీ. ఒక్కో కొలతకు 16 బిట్లు కేటాయిస్తారు. అంటే తరంగం 65,536 మెట్లలో ఏ మెట్టు మీద ఉందో నమోదు చేస్తారన్నమాట. కుడి చెవికి ఒక వరుస, ఎడమ చెవికి ఒక వరుస. మొత్తం లెక్క కడితే సెకనుకు 14 లక్షల 11 వేల 200 బిట్లు. ఈ 44,100 అనే అంకె గాలిలోంచి ఊడిపడలేదు. మనిషి చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. ఒక కంపనాన్ని పోగొట్టుకోకుండా పట్టుకోవాలంటే దాని వేగానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలని నైక్విస్ట్, షానన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. 20,000కు రెట్టింపు 40,000, ఆపైన కొంత వెసులుబాటు. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు 1982లో సీడీని బజారుకు తెచ్చినప్పుడు ఈ లెక్కనే ఖాయం చేశాయి.

ఇప్పుడు జర్మనీ వెళదాం. అక్కడ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో డీటర్ జైట్సర్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. ఇంట్లో కూర్చుని టెలిఫోను తీగ ద్వారా కోరుకున్న సంగీతం తెప్పించుకోవాలన్నది ఆయన ఆలోచన. పేటెంటు కోసం దరఖాస్తు పెడితే, ఇది జరిగే పని కాదని పరిశీలించిన అధికారి తోసిపుచ్చారు. ఆ అధికారిని తప్పు పట్టనక్కర్లేదు. ఆ రోజుల్లో రాబోతున్న డిజిటల్ టెలిఫోను లైనులో ఒక్కో ఛానెల్‌లో సెకనుకు 64 వేల బిట్లు నడుస్తాయి. రెండు ఛానెళ్లు కలిపినా 128 వేలు. సీడీ పాటకేమో 14 లక్షల పైచిలుకు కావాలి. ఆ పనిని పరిశోధనాంశంగా తీసుకున్న విద్యార్థి కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్. అతనూ, ఆ ఊళ్లోనే ఉన్న ఫ్రౌన్‌హోఫర్ సంస్థలోని సహచరులూ, అటు అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన జేమ్స్ జాన్‌స్టన్ వంటివారూ కలిసి సాధించినదాన్నే మనం ఎంపీ3 అంటున్నాం. 1992లో అంతర్జాతీయ ప్రమాణంగా ఖాయమైంది. ఫైలు పేరు చివర తగిలించే ఆ మూడక్షరాలను నిర్ణయించుకున్నది 1995 జూలై 14న.

వాళ్లు పట్టుకున్న కిటుకు యంత్రంలో లేదు, చెవిలో ఉంది. నాకు ఈ విషయం మీద మక్కువ కలగడానికి అసలు కారణం అదే.

మన పెళ్లిళ్లలో ముహూర్త సమయానికి పురోహితుడు చెయ్యి ఎత్తి సైగ చేయగానే గట్టిమేళం మోగుతుంది. డోలు, సన్నాయి ఒక్కసారిగా ఎత్తుకుంటాయి. ఎవరైనా తుమ్మినా, ఏదైనా అశుభపు మాట దొర్లినా వధూవరుల చెవిన పడకూడదని అలా వాయిస్తారని పెద్దలు చెబుతారు. తుమ్మిన చప్పుడు గాలిలో ఉంది. చెవి గూబ దాకా వచ్చింది కూడా. అయినా వినపడలేదు. పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని కప్పేసింది. శబ్ద శాస్త్రజ్ఞులు దీన్ని మాస్కింగ్ అంటారు. ఎంపీ3 మొత్తం ఈ ఒక్క అనుభవం మీద నిలబడింది.

లోపల జరిగేది ఇది. మన లోపలి చెవిలో కాక్లియా అనే చుట్టలు తిరిగిన గొట్టం ఉంటుంది. సాగదీస్తే 35 మిల్లీమీటర్లు ఉంటుందేమో. అందులో పొడవునా ఒక పలుచని పొర ఉంది. సన్నాయి పైస్థాయి స్వరాలకు పొర మొదట్లో కదలిక వస్తుంది. డోలు మంద్రానికి చివర్లో వస్తుంది. ఏ స్వరానికి పొర మీద ఏ చోటు అన్నది కనిపెట్టినందుకే గేయార్గ్ ఫాన్ బేకేషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక గట్టి స్వరం వచ్చినప్పుడు దాని చోటొక్కటే కాదు, ఇరుగుపొరుగు కూడా ఊగుతుంది. ఆ ఊపులో పక్కనే ఉన్న చిన్న స్వరం కొట్టుకుపోతుంది. ఎబర్‌హార్డ్ స్వికర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వినికిడి పరిధిని ఇలాంటి 24 పట్టీలుగా విభజించి చూపించారు. ఒకే పట్టీలో పడ్డ రెండు శబ్దాల్లో బలమైనది బలహీనమైనదాన్ని సులువుగా కప్పేస్తుంది. ఇంకో విశేషం, కింది స్వరం పైస్వరాన్ని కప్పినంత బాగా పైస్వరం కిందిదాన్ని కప్పలేదు.

కప్పడం కాలంలోనూ జరుగుతుంది. గట్టిగా మోగిన శబ్దం ఆగిపోయాక, సెకనులో పదో వంతు, కొన్నిసార్లు ఇంకా కాస్త ఎక్కువసేపు, చెవి పూర్తిగా తేరుకోదు. ఆ లోపు వచ్చిన చిన్న చప్పుళ్లు దానికి ఆనవు. వింతేమిటంటే పెద్ద శబ్దం తనకన్నా ముందు వచ్చినదాన్ని కూడా కొద్దిగా కప్పగలదు. చిన్న శబ్దాన్ని మెదడు గుర్తించే లోపే పెద్దది వచ్చి దాని మీద పడుతుంది. కాకపోతే ఆ వ్యవధి బహు కొద్ది, సెకనులో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే. ఈ కొద్దిపాటి వ్యవధి మన మృదంగానికి ఎంత ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

ఒక కచేరీ రికార్డింగు తీసుకోండి. తంబురా మీటుతోంది. గాయని తారషడ్జం మీద నిలబడింది. మృదంగం వాయించే ఆయన కుడి చేత్తో ఒక చాపు దెబ్బ వేయబోతున్నారు. ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రాము ఈ శబ్దాన్ని 1,152 కొలతలకు ఒకటి చొప్పున ముక్కలు కోస్తుంది. ఒక్కో ముక్క సెకనులో వెయ్యి భాగాల్లో 26 భాగాలు. కను రెప్పపాటు కన్నా తక్కువ. ప్రతి ముక్కనూ రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్నీ ముందు 32 పట్టీలుగా, మళ్లీ ఒక్కో పట్టీని 18గా, మొత్తం 576 సన్నని గీతలుగా విడగొడుతుంది. అంటే మంద్రం నుంచి తారం దాకా ఏ స్వరస్థానంలో ఎంత బలం ఉందో పట్టిక వేసుకుంటుంది. పక్కనే ఇంకో లెక్క నడుస్తుంటుంది. గాయని గొంతు ఇంత గట్టిగా ఉంది కాబట్టి దాని చుట్టుపక్కల ఎంత బలం దాకా ఉన్న శబ్దాలు వినపడవు, తంబురా పైస్వరాలు ఎక్కడెక్కడ గొంతు కింద మునిగిపోతాయి అని తేల్చే లెక్క అది. చెవి ఎలా వింటుందో అంకెల్లో రాసిన నమూనా అన్నమాట.

అప్పుడు అసలు పని మొదలవుతుంది. పూర్తిగా వినపడని గీతలకు సున్నా పెట్టేస్తుంది. వినపడేవాటిని కూడా అవసరమైనంత మేరకే కచ్చితంగా రాస్తుంది. గాయని గొంతు ఉన్నచోట సన్నని మెట్లతో జాగ్రత్తగా, గొంతు మరుగున పడ్డ చోట పెద్ద పెద్ద మెట్లతో ముతకగా రాస్తుంది. ముతకగా రాస్తే విలువలు అటూ ఇటూ సవరించబడి, ఆ తేడా ఒక రొదగా పాటలో చేరుతుంది. కానీ ఆ రొద కూడా మాస్కింగ్ హద్దు కిందే ఉండిపోయేలా చూసుకుంటుంది. కాబట్టి ఎంపీ3లో జరిగేది స్వరాలను తీసేయడం ఒక్కటే కాదు. రొదను కలపడం, అది మనకు వినపడని చోటున దాచడం. నా దృష్టిలో ఇందులోని ప్రతిభంతా ఈ దాచడంలోనే ఉంది. 128 కేబీపీఎస్ అని ఫైలు మీద రాసి ఉంటుంది చూడండి, సెకనుకు 128 వేల బిట్లని దానర్థం. ఆ లెక్కన మనం చెప్పుకున్న ఒక్కో ముక్కకు దక్కేది సుమారు 3,340 బిట్లు. సీడీలో అదే ముక్కకు 36,864 బిట్లు ఉండేవి. ఆ కాస్త బిట్లనూ ఏ స్వరానికి ఎన్ని ఇవ్వాలన్నదే ప్రోగ్రాము పంపకం. నిశ్శబ్దంగా ఉన్న ముక్కల్లో బిట్లు మిగిలితే, తర్వాత వచ్చే కష్టమైన ముక్కకు వాడుకునే ఏర్పాటు కూడా ఉంది.

ఇప్పుడు చాపు దెబ్బ పడింది. అది ముక్క మధ్యలో ఎక్కడో పడింది. అంతకుముందు క్షణం దాదాపు నిశ్శబ్దం. దెబ్బ పెద్దది కాబట్టి ప్రోగ్రాము ముతకగా రాసేసింది. కానీ ఆ ముతకదనపు రొద ముక్క అంతటా పరుచుకుంటుంది, దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా. వెనక్కి కప్పే శక్తి చెవికి వెయ్యోవంతులు కొన్నే అన్నాం కదా. ముక్కేమో అంతకన్నా పొడవు. అందుకని దెబ్బ పడకముందే 'ఉష్' అని ఒక మసక చప్పుడు వినిపిస్తుంది, దెబ్బ పదును పోతుంది. ఇంజనీర్లు దీన్ని ప్రీ ఎకో అంటారు. దీనికి విరుగుడుగా, ఇలాంటి దెబ్బలు వస్తున్నాయని గమనించగానే ప్రోగ్రాము పొడవాటి ముక్కను మూడు పొట్టి ముక్కలుగా మార్చుకుంటుంది. అప్పుడు రొద దెబ్బకు దగ్గరగానే ఉండిపోతుంది. విదేశాల్లో దీన్ని పరీక్షించడానికి కాస్టనెట్స్ అనే చిడతల వంటి వాద్యాన్ని వాడారు. మనకైతే మృదంగం, కంజీర, ఘటం ఉన్నాయి. తక్కువ బిట్లతో చేసిన ఫైలులో తనియావర్తనం వినండి, వేళ్ల విడివిడితనం ఎంత మిగిలిందో మీకే తెలిసిపోతుంది.

శబ్దాన్ని గీతలుగా విడగొట్టే గణితం గురించి ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1974 జనవరిలో అచ్చయిన ఒక చిన్న పరిశోధన వ్యాసంలో అది మొదటిసారి లోకానికి తెలిసింది. రాసింది ముగ్గురు: బెంగుళూరులో పుట్టి అమెరికాలో కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నాసిర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి.నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో ప్రొఫెసరు కె.ఆర్.రావు. ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నారు. ఈ ఆలోచన మీద పనిచేస్తానని అహ్మద్ 1972లో నిధులు అడిగితే అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ ఇవ్వలేదు. ఒక వేసవి జీతం లేకుండానే ఆయన పని సాగించారు. ఆ లెక్కకు 1987లో వచ్చిన మెరుగైన రూపమే ఎంపీ3లోనూ, దాని తర్వాత వచ్చిన ఏఏసీలోనూ ఉంది. మనం ఫోనులో చూసే జేపెగ్ ఫొటోలు సైతం ఆ లెక్క మీదే నడుస్తాయి. ఇంజనీరింగు చదివే మన పిల్లలకు ఈ ముగ్గురి పేర్లూ తెలిసి ఉండాలని నా కోరిక.

ఇక చివరి అంచె. రాసిన అంకెల్లో తరచుగా వచ్చేవాటికి పొట్టి సంకేతాలు, అరుదుగా వచ్చేవాటికి పొడవు సంకేతాలు ఇస్తారు. టెలిగ్రాఫు మోర్స్ కోడ్‌లో ఇంగ్లిషు 'ఇ' అక్షరానికి ఒకే చుక్క పెట్టింది ఇందుకే. దీన్ని అత్యంత పొదుపుగా చేసే పద్ధతిని డేవిడ్ హఫ్‌మన్ 1951లో విద్యార్థిగా ఉండగా, పరీక్షకు బదులు రాయాల్సిన వ్యాసం కోసం కనిపెట్టారు. ఈ అంచెలో మాత్రం ఏదీ పోదు, విప్పితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఇదంతా బాగానే పనిచేస్తోందని 1980ల చివర్లో బ్రాండెన్‌బర్గ్ అనుకుంటున్న రోజుల్లో సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని పాట ఒకటి ఆయన చెవిన పడింది. పేరు 'టామ్స్ డైనర్'. వాద్యాలు ఏమీ లేవు, ఒంటరి గొంతు. దాన్ని తన పద్ధతిలో కుదించి వింటే గొంతు గరగరలాడింది. వాద్యగోష్ఠి ఉన్న పాటల్లో రొదను దాచుకోవడానికి కావలసినంత చాటు దొరుకుతుంది. ఒంటరి గొంతు చాటు ఇవ్వదు. ఆ పాటను ఆయన వందలసార్లు విని, గొంతు సహజంగా వినిపించేదాకా పద్ధతిని సరిదిద్దుతూ పోయారు. మన సంగీతం విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. యాభై వాద్యాలతో హోరెత్తే సినిమా పాట తక్కువ బిట్లకైనా లొంగుతుంది. తంబురా మీద తీసే ఆలాపన, హార్మోనియం ఆగిన చోట నటుడు ఒంటరిగా తీసే పద్యరాగం, ఒక ముసలమ్మ వాకిట్లో కూర్చుని పాడే దంపుళ్ల పాట, ఇవి కష్టమైనవి. వాటికి బిట్లు ధారాళంగా ఇవ్వాలి.

మరి మనకేం ఒరిగింది? గ్రామఫోను రోజుల్లో 78 వేగపు రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాలు, మూడున్నర నిమిషాలు. కృతిలో చరణాలు కుదించి, సంగతులు తగ్గించి, ఆలాపనను ఒక్క ఊపిరికి పరిమితం చేసి పాడాల్సి వచ్చేది. అంటే ఆనాడు కుదించింది సంగీతాన్నే. తర్వాత వచ్చిన క్యాసెట్లో ముప్పావు గంటకు ఒక వైపు అయిపోయేది. ఇవాళ మూడు గంటల కచేరీ 128 కేబీపీఎస్‌లో 173 మెగాబైట్లు. రాగం, తానం, పల్లవి తెగకుండా వస్తాయి. రాత్రంతా సాగే హరికథ మొదటినుంచి చివరిదాకా ఒకే ఫైలులో ఉంటుంది. నా లెక్కలో ఇది కళాకారుడికి తిరిగి దక్కిన స్వేచ్ఛ.

పదిహేనేళ్ల కిందట మన ఊళ్లలో సెల్‌ఫోన్ రిపేరు షాపుల ముందు 'ఇక్కడ పాటలు ఎక్కించబడును' అని బోర్డులు ఉండేవి గుర్తుందా? ఒక గిగాబైటు మెమరీ కార్డులో కుదింపు లేకపోతే పట్టేవి పద్దెనిమిదో పందొమ్మిదో పాటలు. ఎంపీ3 కావడం వల్ల రెండు వందలు పట్టాయి. పొలంలో మోటారు దగ్గర కూర్చున్న రైతు, రాత్రిపూట లారీ నడిపే డ్రైవరు, మగ్గం ముందు కూర్చున్న నేతన్న తమకు ఇష్టమైన ఘంటసాల పాటలనో, భజనలనో వెంట పెట్టుకోగలిగింది ఆ కుదింపు పుణ్యమే. అందులో అనుమతి లేని నకళ్లు ఎక్కువ ఉండేవన్నది నిజం, దానివల్ల కళాకారులూ నిర్మాతలూ నష్టపోయారు. ఇప్పుడు డబ్బు కట్టి వినే యాప్‌లు వచ్చాయి. ఆ యాప్‌లు నడిచేదీ కుదింపు మీదే. చూపులేనివారి కోసం చదివి రికార్డు చేసే డైసీ పుస్తకాలు కూడా ఎక్కువగా ఎంపీ3లోనే ఉంటాయి. పన్నెండు గంటల నవల అరచేతిలో ఇమిడేది అందుకే.

రేడియో సంగతికొస్తే, మీలో ఎవరైనా ఈ ప్రసంగాన్ని మీడియం వేవ్‌లో వింటుంటే మీకు చేరుతున్నది దాదాపు 4,500 హెర్ట్జ్ వరకే. ఎఫ్‌ఎం అయితే 15,000 దాకా. ఆకాశవాణి తన మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు కొన్నింటిలో డీఆర్‌ఎం అనే డిజిటల్ పద్ధతిని ప్రవేశపెట్టింది. అందులో ఏఏసీ కుటుంబపు కుదింపు ఉంది. అది మరీ పైస్థాయి స్వరాలను యథాతథంగా పంపదు. కింది స్వరాల నుంచి పైవాటిని ఎలా కట్టుకోవాలో కొద్దిపాటి సూచనలు మాత్రం పంపుతుంది, రేడియో వాటిని బట్టి కట్టుకుంటుంది. అంత ఇరుకైన దారిలో అంత విప్పారిన శబ్దం రావడం వెనకటి ఇంజనీర్లు ఊహించనిది. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో డాలస్‌లోనో, దుబాయ్‌లోనో కూర్చుని తెలుగు కేంద్రాల ప్రసారాలు వింటున్నవారికి అందుతున్నదీ కుదించిన శబ్దమే. వాట్సాప్‌లో మనుమడు పంపే మాటల ముక్క కూడా అంతే. దానిలో వాడే ఓపస్ అనే పద్ధతి 2012లో ప్రమాణమైంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎంపీ3 పేటెంట్ల గడువు కూడా 2017లో ముగిసిపోయింది.

ఎన్ని బిట్లు చాలు అని చాలామంది అడుగుతుంటారు. ఇంట్లో ఎవరైనా చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. ఒకే సీడీ పాటను 320, 192, 128, 64 కేబీపీఎస్‌లలో మార్చి పెట్టుకుని, మీరు కళ్లు మూసుకుని కూర్చోండి. ఇంకొకరు ఏది వేస్తున్నారో చెప్పకుండా మార్చి మార్చి వేయాలి. మా ఇంట్లో ఈ పని మా అమ్మాయి చేసింది. 320కీ సీడీకీ తేడా నేను చెప్పలేకపోయాను. 192 దగ్గర కూడా చాలా పాటలకు చెప్పలేకపోయాను. 128 దగ్గర తంబురా జీరలోని మెరుపు కాస్త తగ్గింది. 64 దగ్గర కచేరీ చివరి చప్పట్లు నీళ్లు సుడి తిరుగుతున్న చప్పుడులా మారిపోయాయి, 'శ', 'స' అక్షరాలు ఒకదానికొకటి దగ్గరైపోయాయి. అందుచేత నా సలహా ఇది. మాటలకు, పురాణ ప్రవచనాలకు 64 చాలు. సంగీతానికి 192కు తగ్గకండి. డేటాకు ఇబ్బంది లేకపోతే ఎంపీ3 అయితే 320, ఏఏసీ అయితే 256 పెట్టుకోండి, ఆపైన చెవికి కొత్తగా కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు. 320లో ఒక గంట పాటకు 144 మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. మీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా పాటను గాలిలో పంపడానికి సాధారణంగా మరోసారి కుదిస్తాయని గుర్తుంచుకోండి. ఏమీ పోని నాణ్యత అని డబ్బు ఎక్కువ కట్టి, ఆ పాటను బ్లూటూత్‌లో వింటే ఫలితం అంతంతమాత్రమే.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. చెరకు రసం తీసి పిప్పి పారేశాక ఆ రసం నుంచి మళ్లీ గడ తయారు చేయలేం. 64లో కుదించిన పాటను తీసుకొచ్చి 320గా మార్చితే ఫైలు బరువు పెరుగుతుంది తప్ప పోయిన తంబురా జీర తిరిగి రాదు. బజారులో అలాంటి 320లు ఎన్నో తిరుగుతున్నాయి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో పాటను తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూస్తే, ఒక స్థాయి పైన కత్తితో కోసినట్టు ఖాళీగా కనిపిస్తుంది. అదే వాటి గుట్టు. ఎంపీ3ని విప్పి, దిద్ది, మళ్లీ ఎంపీ3 చేసిన ప్రతిసారీ కొత్త రొద చేరుతుంది. ఒకరి నుంచి ఒకరికి అలా మారుతూ వచ్చిన పాత పాటలు గరగరలాడేది అందుకే.

దీనికి వేరే దారి ఉంది. ఫ్లాక్ అనే పద్ధతి 2001 నుంచి అందుబాటులో ఉంది, అదీ ఉచితమే. చెవి వింటుందా లేదా అని అది చూడదు. వచ్చే కొలత ఎంత ఉంటుందో ముందువాటిని బట్టి అంచనా వేసి, అంచనాకూ అసలుకూ ఉన్న తేడాను మాత్రం రాసుకుంటుంది. విప్పితే మూలంలోని ప్రతి బిట్టూ తిరిగి వస్తుంది. పట్టే చోటు సుమారు సగానికి, కొన్నిసార్లు సగం కన్నా కాస్త ఎక్కువకు తగ్గుతుంది. వినడానికి ఎంపీ3, దాచడానికి ఫ్లాక్. ఈ భేదం పాటించకపోతే మన దగ్గరున్న అరుదైన శబ్దాలు మన చేతులతోనే పాడవుతాయి.

అందుకే మీకొక విన్నపం. మీ ఇళ్లలో అటక మీదో, ఇనప్పెట్టెలోనో పాత క్యాసెట్లు ఉండే ఉంటాయి. అమ్మమ్మ పాడిన మంగళహారతి, తాతగారి నాటక పద్యాలు, ఊళ్లో జరిగిన బుర్రకథ, పెళ్లిలో పాడిన అప్పగింతల పాట. అవి ఏ కంపెనీ దగ్గరా, ఏ యాప్‌లోనూ దొరకవు. మన కోస్తా తేమకు క్యాసెట్ల మీద బూజు పడుతుంది, టేపు మీది పూత రాలుతుంది. వాటిని బయటికి తీయండి. మంచి టేప్‌రికార్డరు సంపాదించి, దాని హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడవండి. క్యాసెట్టును ఒకసారి పూర్తిగా ముందుకూ వెనక్కూ తిప్పండి. కంప్యూటరుకు కలిపి సెకనుకు 48,000 కొలతలు, 24 బిట్లతో రికార్డు చేసి ఫ్లాక్‌గా దాచండి. గంట క్యాసెట్టుకు ఒక గిగాబైటుకు మించదు. రొద తగ్గించే ప్రయోగాలేవీ ఆ మూల ఫైలు మీద చేయకండి, నకలు మీద చేసుకోండి. ఎవరు పాడారో, ఏ ఊళ్లోనో, ఏ సంవత్సరమో ఫైలు పేరులోనే రాయండి. ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుల దగ్గర ఉంచండి. అదంతా అయ్యాకే ఎంపీ3 చేసి బంధువులందరికీ పంపండి. పాడినవారు ఉన్నంతలోనే, వారిని అడిగి వివరాలు రాసుకోగలిగినంతలోనే ఈ పని మొదలుపెట్టండి.